సొంత గోల్లోకి ఫ్రీకిక్కు

రెండు నెలలు! ఒక్క పేజీ చదవడానికి తమరికి రెండు నెలలు పట్టిందా కెప్టెన్ గారూ? మీ డిపోలో బస్సు ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించడానికి కూడా ఇంత టైం పట్టదు కదండీ!

రండి, లోపలికి రండి. గుమ్మంలో నిలబడితే వచ్చే ఒకరిద్దరు కస్టమర్లు కూడా మిమ్మల్ని చూసి వెనక్కి పోతారు. ఆ స్టూలు మీద గుడ్డముక్కలు పక్కకి తోసి కూర్చోండి. చూసుకుని కూర్చోండి, సూదులుంటాయి. మీ కోసమని పెట్టలేదులెండి, టైలరు కొట్లో ఎప్పుడూ ఉండేవే.

చేతిలో ఏమిటది? అబ్బో! రూల్సు పుస్తకమే! గుర్తుకి మధ్యలో బస్సు టికెట్టు కూడా పెట్టుకొచ్చారే. ఏదీ, ఆ వాక్యం మీద వేలు పెట్టండి. ఆఁ, అదే. పైకి చదవండి మరి.

చదవరా? సరే, నేనే చెప్తాను, నాకు పుస్తకం అక్కర్లేదు. ఫ్రీకిక్కు కొట్టినవాడి బంతి నేరుగా వాడి సొంత గోల్లోకే పోతే అది గోలు కాదు. అవతలి జట్టుకి కార్నర్ కిక్కు ఇవ్వాలి. అంతే. ఈ రెండు ముక్కల కోసమేగా అంతమంది ముందు నా మెడలో విజిల్ లాగేశారు?

అయ్యో, తలెందుకు దించుకుంటారు? నాకేం కష్టం కలగలేదు. మీ డిపో వాళ్ళంతా నన్ను ఎంత బాగా చూసుకుంటున్నారో తెలుసా? మ్యాచి మర్నాడు పొద్దున్నే స్టాపులో నిలబడి చెయ్యెత్తాను. బస్సు ఆగలేదు. పోనీ చూసుకోలేదేమో అనుకున్నా. రెండో బస్సు డ్రైవరు మాత్రం మర్యాదస్తుడు. స్లో చేసి, నా మొహంలోకి చూసి, వీధి మూలకి చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. నేను కార్నర్ చూపించినట్టే, అచ్చం అలాగే! బస్సు నిండా నవ్వులు.

అప్పట్నుంచీ నడకే. ఒంటికి మంచిదంటారుగా.

కొట్టు షట్టరు మీద సుద్దముక్కతో రాసింది చూశారా? "ఇచ్చట తమ్ముళ్ళకు గోళ్ళు కుట్టబడును" అట. గోళ్ళు! చేతి గోళ్ళనుకుంటారు చదివినవాళ్ళు. తిట్టేవాళ్ళకి గోలు అని రాయడమైనా రావద్దూ? నేనే తడిగుడ్డతో తుడిచాను. మళ్ళీ రాశారు. మళ్ళీ గోళ్ళే.

అసలు ఆ రోజు నేను వద్దన్నానా, లేదా?

ఫైనలుకి రావాల్సిన రిఫరీకి జ్వరం. ఊళ్ళో లైసెన్సున్నది ఇంకెవరికి? ఈ టైలరమ్మకి. "అయ్యా, ప్రింటింగు ప్రెస్సు టీము గోల్‌కీపరు మా తమ్ముడు, నేను నిలబడితే బాగోదు" అని కమిటీ సెక్రటరీకి నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. అప్పుడు ముందుకొచ్చి, "అక్క విజిల్ పట్టుకుంటే తమ్ముడా, పరాయివాడా అని చూడదు, మా డిపోకి అభ్యంతరం లేదు" అన్న మహానుభావుడెవరు?

ఆఁ? వినపడేలా చెప్పండి. మీరే కదూ?

పైగా ఎవరికీ ఏం గుర్తులేనట్టు మాట్లాడతారు. ఎనభై ఏడో నిమిషం. రెండు వైపులా సున్నా. మీ పొడుగాటి ఫార్వర్డు ఆఫ్‌సైడయ్యాడు, ప్రెస్సు వాళ్ళకి ఫ్రీకిక్కిచ్చాను. వాళ్ళ బైండింగు సెక్షన్లో బొద్దాయన, టైము గడుపుదామనేమో, ముందుకి కొట్టాల్సిన బంతిని వెనక్కి మా తమ్ముడి వైపు కొట్టాడు. మా తమ్ముడేం చేస్తున్నాడు? రాజావారిలా పోస్టు పక్కన నిలబడి తలెత్తి సీసాలో నీళ్ళు తాగుతున్నాడు!

మైదానమంతా ఒక్కసారి అరిచింది. వాడు సీసా పారేసి, పరిగెత్తి, కాలు చాచి జారాడు. బంతి మాత్రం తీరుబడిగా, షికారుకొచ్చినట్టు, దొర్లుకుంటూ గీత దాటింది.

మీవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గంతులు. నేను విజిల్ ఊది మూల జెండా వైపు చెయ్యి చూపించాను. ఇక చూడాలి!

"ఇదెక్కడి రూలు?" అన్నారు మీరు. "మీ ఇంటి రూలా? మీ అక్కాతమ్ముళ్ళు రాత్రి కూర్చుని రాసుకున్నారా?" అన్నారు. అక్కడితో ఆగారా? విజిల్ పట్టుకుని లాగారు. తాడు తెగింది. మెడ మీద ఎర్రగా గీత పడి వారం రోజులుంది. ఎర్రకార్డు చూపించక నన్నేం చెయ్యమంటారు? పువ్వులివ్వమంటారా?

మీరు బయటికి పోయారు, మీవాళ్ళు పదిమందయ్యారు, ఆఖరి నిమిషంలో ప్రెస్సువాళ్ళు ఒక గోలు కొట్టి కప్పు ఎత్తుకుపోయారు. రిఫరీ మీద చెయ్యి వేసినందుకు మీకు రెండేళ్ళ నిషేధం.

ఇప్పుడు మీకెన్నేళ్ళు? ముప్పై ఏడా.

ఊఁ. ముప్పై తొమ్మిదికి ఇంకేం ఆడతారులెండి.

ఏమిటీ, మళ్ళీ జేబులోంచి ఏదో తీస్తున్నారు? విజిలా? కొత్తదే! తాడు కూడా మంచిది వేయించారు. దీనికోసం బజారుకెళ్ళి... వద్దండీ. వద్దంటుంటే. అక్కడ పెట్టండి.

ఏమన్నారు? "నిన్ను నమ్మి ఒప్పుకున్నది నేనే, నిన్ను అనుమానించిందీ నేనే, తప్పయిపోయిందక్కా" అనా? ఆదివారం మీ డిపో కుర్రాళ్ళందర్నీ కూర్చోబెడతారా? నేనొచ్చి వాళ్ళకి ఈ రూలు చెప్పాలా?

చాల్లే. ఊరుకో.

ఊరుకోమన్నానా! మొగాడివి, ఇంత వయసొచ్చి కళ్ళనీళ్ళేమిటి? అరవడానికొచ్చినవాడివి అరిచి పోరాదూ? అరిస్తే నాకు జవాబు చెప్పడం చేతనవును. ఇలా చేతులు కట్టుకుని కూర్చుంటే నేనేం చెయ్యాలి?

కాస్త ఆ షట్టరు సగం దించు.

ఇందాక వేలు పెట్టి చూపించావే, ఆ వాక్యంలో ఒక మాటుంది. నేరుగా. చూశావా? నేరుగా పోతేనే కార్నరు. మధ్యలో ఎవరికైనా తగిలి లోపలికి పోతే?

అదే మరి. గోలే.

పదిహేడేళ్ళ కిందట రిఫరీ పరీక్ష రాశాను. గదిలో ముప్పైమంది మగాళ్ళు, నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఫ్రీకిక్కు నేరుగా సొంత గోల్లోకి పోతే ఏమివ్వాలి అని అడిగారు. అందరూ గోలని రాశారు. కార్నరని రాసింది నేనొక్కదాన్నే. పేపరు దిద్దిన మాస్టారు నవ్వాడు. "బాగానే రాశావమ్మా, కానీ నీ జన్మలో ఇది జరగడం చూడవు" అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి ఫ్రీకిక్కుకీ చూశానయ్యా. బురదలో, ఎండలో, స్కూళ్ళ మ్యాచుల్లో, ముసలాళ్ళ మ్యాచుల్లో. పదిహేడేళ్ళు! ఒక్కడంటే ఒక్కడు వెనక్కి కొట్టిన పాపాన పోలేదు.

ఆ రోజు బంతి వెనక్కి దొర్లుతుంటే నాకు తమ్ముడు కనపడలేదు. మీ జట్టు కనపడలేదు. ఆ పేజీ కనపడింది. బంతి గీత దగ్గరికి కూడా పోలేదు, నా చెయ్యి సగం లేచింది.

అప్పుడు మా తమ్ముడి బూటు కొస తగిలింది.

కొంచెమే. గీసుకుపోయినట్టు. బంతి జానెడు పక్కకి జరిగింది. నేను ఎదురుగానే ఉన్నాను. నాకు తప్ప ఎవరికీ కనపడే చోటు కాదది. నువ్వు సెంటర్లో ఉన్నావు.

లేచిన చెయ్యి దించొచ్చు. దించితే గోలు మీది, కప్పు మీది. నా పదిహేడేళ్ళు మాత్రం మళ్ళీ మొదటికి. దించలేదు. మూల జెండా వైపు ఇంకా నిటారుగా చాచాను.

ఊరంతా తమ్ముడి కోసం చేశానంది. తమ్ముడి కోసం చేసున్నా కాస్త పరువుగా ఉండేది! వాడు ఇంటికొచ్చి, "అక్కా, నా బూటుకి తగిలింది" అన్నాడు. "రూలు నాకు నేర్పుతావురా?" అని కసిరాను. మర్నాడే గ్లోవ్సు ఎవరికో ఇచ్చేశాడు. ఇప్పుడు నాతో అన్నం పెట్టు, వద్దు, చాలు, ఈ మూడు మాటలే మాట్లాడతాడు.

ఏదైనా అనవయ్యా. ఆ స్టూలు తన్ను. కత్తెర మాత్రం ముట్టుకోకు.

సరే.

ఆ మిషను సొరుగులో తెల్లకాగితాలుంటాయి, ఒకటివ్వు. కమిటీకి ఇప్పుడే రాస్తాను. నువ్వు కదలకుండా ఇక్కడే కూర్చో. నువ్వు గుమ్మం దాటితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు.

మరీ ఆశ పెట్టుకోకు. కప్పు ఎలాగూ వెనక్కి రాదు. నువ్వు విజిల్ లాగింది నిజమేగా, నీ రెండేళ్ళలో ఎన్ని తగ్గిస్తారో ఆ పెద్దమనుషులకే తెలియాలి. మీటింగు మీద మీటింగు పెడతారు, పుస్తకాలు తిరగేస్తారు, ఇలాంటిదానికి రూలు ఎక్కడా లేదంటారు.

నా లైసెన్సు పీకెయ్యడానికి మాత్రం ఏ పుస్తకమూ తియ్యరులే. ఆ రూలు అందరికీ కంఠతా వచ్చు.