వినోద పేరున్న రెండు గొట్టాలు

నా పేరు సిద్దమ్మ. భర్త బాలేష్, చనిపోయిండు. వయసు నలభై ఎనిమిది. ఉండేది శామీర్‌పేట. మేడ్చల్‌ల ఒక ప్రైవేటు ఆసుపత్రిల పదకొండేండ్ల సంది ఆయాగ పనిచేస్తున్న. ఇయ్యాల 17-2-2009, పొద్దుగాల 11 గంటలకు ఠాణాకు నా అంతట నేనే వచ్చిన. నన్నెవ్వరు పిలువలే.

జనవరిల ఆపరేషన్ అయినోళ్లల్ల ఇద్దరికి కుట్లు చీము పట్టినయి. మందులకు లొంగని క్రిమి ఆసుపత్రిలనే అంటుతున్నదన్నరు. ఐసీయూ నర్సుల ముక్కులల్ల దూది పుల్లలు తిప్పి చూడాలని పెద్ద డాక్టరు చెప్పిండు. ఈ నెల 2వ తారీఖు సోమవారం పది గంటలకు తీసిండ్రు. మనిషికి రెండు పుల్లలు, రెండు గొట్టాలు. ఒకటి కొత్త మిషన్‌కు, అది రెండు గంటల్ల చెప్తది. ఇంకోటి క్రిమిని పెంచి చూసేటందుకు, దానికి మూడు రోజులు. ట్రే ల్యాబుకు తీస్కపోయింది నేనే.

అండ్ల వినోదయి గూడ ఉన్నయి. వినోద మా చెల్లె బిడ్డ, ఐసీయూ నర్సు. చెల్లె పోయినంక నేనే సాదిన. ఉద్యోగం ఇంక పర్మినెంటు కాలే. పోయినేడు దగ్గుతున్నదని నర్సమ్మ అనే ఆయాను తెల్లారేసరికి తీసేసిండ్రు. గదే మనసుల మెదిలింది. మెట్ల కాడ ఆగి, వినోద పేరున్న గొట్టాల మూతలు తీసి, సూదేసేముందు రుద్దే స్పిరిటు పోసిన. రెండింట్ల పోసిన. పదకొండేండ్లు క్రిములను దాంతోనే సంపిన, నాకు ఇంకేం తెలుసు. వినోదకు చెప్పలే.

ఒంటిగంటకు మిషన్ వినోదకు క్రిమి ఉందన్నది. రెండో రిపోర్టు వచ్చేదాక ఇంటికాడ ఉండమన్నరు. 5వ తారీఖు అది వచ్చింది, ఏం మొలువలే. మేనేజరు మధుసూదన్ సారు "మిషన్ కొత్తది, తప్పు చూపెట్టింది" అని వినోదను మళ్ల ఐసీయూల వేసిండు. నేను ఊకున్న. సంబరపడ్డ గూడ. గా మాట గూడ రాయండ్రి.

6న మా ఊరి కుర్మయ్యకు తుంటి ఆపరేషన్ అయింది. కట్టు కట్టింది వినోద. పక్కకు తిప్పింది, నీళ్లు తాపింది నేను. 9న చీము పట్టింది. మిషన్‌ల పెడితే అదే క్రిమి. 14న పొద్దుగాల ఆరు గంటల పది నిమిషాలకు పానం పోయింది. ఆయన భార్య పద్మమ్మ కేసు పెట్టింది. ఆసుపత్రోళ్లు, వినోద మీద తప్పుడు రిపోర్టు రాసి అందరిని పరేషాన్ చేసిండని, ల్యాబుల పనిచేసే రాకేష్‌ను తీసేసిండ్రు.

నిన్న రాకేష్ ఇంటికి పోయిన. "స్పిరిటు పోసినా మిషన్‌కు ఎట్ల తెలుస్తది బిడ్డా?" అని అడిగిన.

"క్రిమి బతికుందా సచ్చిందా అని మిషన్ చూడది సిద్దమ్మా. దాని ఆనవాలు చూస్తది. సచ్చినా ఆనవాలు ఉంటది. పెంచి చూసే కాడ సచ్చింది మొలువది. గట్లెందుకు అడుగుతున్నవ్?"

చెప్పేసిన. అంత ఇని రాకేష్, "ముక్కుల మందు పెడితే ఐదు రోజుల్ల పోతుండె. మళ్ల డ్యూటీకే వస్తుండె. వినోద కొలువు ఎవ్వరు తియ్యకపోదురు" అన్నడు.

ఐదు రోజులు, సారు.

రాకేష్ తప్పు లేదు. వినోదకు ఏం తెల్వది. ఆయాల ముక్కులు ఎవ్వరు చూడలే, లిస్టుల మా పేర్లు లెవ్వు. కుర్మయ్యను నేను గూడ ముట్టిన. నాది గూడ చూడమని రాయండ్రి.

ఇది నాకు చదివి వినిపించిండ్రు. నేను చెప్పిన మాటలే ఉన్నయి, అన్ని నిజం, నన్నెవ్వరు బెదిరించలే. వేలిముద్ర వేసే ముందు చేతులు కడుక్కొని వస్తనన్న. వచ్చినప్పటి సంది ఇది నాలుగోసారి అన్నడు సారు. అది గూడ నిజమే.

(సిద్దమ్మ ఎడమ బొటనవేలి ముద్ర)