బొంత తీసిన కిటికీ

చలి రాకుండా రెండేళ్లుగా కిటికీకి కట్టి ఉంచిన బొంతను విప్పేసి, అద్దాల మేస్త్రీ కొత్త జంట అద్దం బిగించాడు. మంచంలోని పెద్దావిడ అతని చేతుల వంకే చూస్తూ ఉంది.

"రెండు అద్దాల మధ్య ఏదో పెట్టావే, అదేంటి నాయనా?"

"చలిని ఆపే పొరండీ. దూదిపింజంత తేలిక. వెలుతురును మాత్రం ఆపదు."

"కాస్త మసగ్గా ఉందే."

"పల్చటి మంచులోంచి చూసినట్టు ఉంటుందమ్మా. మనుషులు తెలుస్తారు."

"అది చాలు నాకు. మంచం అటు జరుపుతావా? నా కీళ్లకి చలి పడదని కోడలు ఈ మూలకి చేర్చింది."

మేస్త్రీ మంచాన్ని మెల్లగా జరిపాడు. ఆవిడ అద్దానికి అరచెయ్యి ఆనించింది.

"చల్లగా లేదే."

"ఉండదండీ. ఇంతకీ ఎవర్ని చూడాలి?"

"ఎదురు మేడలో నా ఈడుదే ఒకావిడ ఉంటుంది. పేరు తెలీదు. ఇరవయ్యేళ్లు రోజూ పొద్దున్నే చెయ్యి ఊపుకునేవాళ్లం. ఈ బొంత చూసి నేను పోయాననే అనుకుని ఉంటుంది."

మేస్త్రీ తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

ఆవిడ చెయ్యెత్తింది. ఎదురు కిటికీలో కూర్చున్న ఆకారం కాసేపు కదలలేదు. తర్వాత గోడ పట్టుకుని లేచి, రెండు చేతులూ ఊపింది.