భూమిని ఆపిన టైర్లు

టైర్ల షాపు ముందు బెంచీ మీద బాబాయి కూర్చున్నాడంటే పక్కనున్న టీ కొట్టు అక్కకి ఆ పూట బేరం బాగున్నట్టే. ఆయన షాపు ఓనరుకి సొంత బాబాయి, మిగతా జనానికి ఉత్త బాబాయి. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ ఆ షాపులోనే టైర్లు బిగించాడు. ఇప్పుడు నడుం వంగడం లేదు కాబట్టి కూర్చుని మాటలు బిగిస్తున్నాడు. ఆయన కోతలు కోస్తాడని అందరికీ తెలుసు. తెలిసే వస్తారు, వచ్చి రెండో టీ కూడా చెప్తారు.

ఆ రోజు బెంచీకి ఇటు చివర పళ్ల డాక్టరమ్మ కూర్చుంది. ఆమె కారు షాపు లోపల జాకీల మీద చక్రాలు ఊడదీసి ఉంది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నేలకి జానెడు ఎత్తు. ఏళ్ల తరబడి జనం నోళ్లలోకి తొంగి చూసి కూడబెట్టుకుని కొనుక్కున్న స్పోర్ట్స్ కారు. సెకండ్ హ్యాండే అయినా ఆమెకి ప్రాణం. కిందటి వారం వానలో వంతెన మలుపు దగ్గర ఆ ప్రాణం బొంగరంలా గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి మొహం పెట్టి, గోడకి బెత్తెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పట్నుంచీ స్టీరింగ్ ముట్టుకుంటే చాలు, ఆమె చేతులు వణుకుతున్నాయి.

"పళ్లు పీకే చేతులు తల్లీ, వాటికి వణుకు అలవాటైతే కష్టం. అమ్మేయ్" అన్నాడు వాళ్ల నాన్న. కొనేవాణ్ణి కూడా ఆయనే చూశాడు. అతను సాయంత్రం వస్తానన్నాడు. "తప్పు బండిది కాదు నాన్నా, అరిగిపోయిన టైర్లది. కొత్తవి వేసి నడిపి చూస్తా. అప్పటికీ భయం పోకపోతే తాళం నేనే ఇచ్చేస్తా" అని చెప్పి వచ్చింది.

షాపు గోడకి రెండు సెట్ల టైర్లు ఆనించి ఉన్నాయి. ఒకటి పందేల బండ్లకి వేసే రకం, దాదాపు నున్నగా ఉంది, ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. రెండోదానికి లోతుగా గాడులు ఉన్నాయి. బ్యాంకులో పనిచేసే ఆమె తమ్ముడు సెలవు పెట్టి మరీ వచ్చాడు, నున్నటి టైరుని లేగదూడలా నిమురుతున్నాడు.

"అక్కా, ఇంకేం ఆలోచించకు. ఇవే. చూడు, జిగురు!"

"రెండూ మంచివేనమ్మా, మీ ఇష్టం" అన్నాడు ఓనరు. అలాంటి మాటకి అర్థం ఏముంటుంది? ఆమె ఇటు చూసింది, అటు చూసింది. టీ చల్లారిపోతోంది.

అప్పుడు బాబాయి గొంతు సవరించుకున్నాడు. టీ కొట్టు అక్క గిన్నెలో ఇంకో రెండు కప్పుల నీళ్లు పోసింది.

"డాక్టరమ్మా, అచ్చం ఇలాంటి బండికే నేనొకసారి టైర్లు ఎంచిపెట్టానమ్మా. పసుపుపచ్చ బండి. బంగారం కొట్టాయనది. ఆయన కూడా మీ తమ్ముడిలాగే నున్నటివి పట్టుకుని ఊగాడు. నేనన్నా, అయ్యా, ఈ రబ్బరు వేడెక్కితేనే పట్టుకుంటుంది, పందెంలో అయితే నిమిషాల్లో వేడెక్కుతుంది, మీ ఇంటి నుంచి మీ కొట్టు దాకా వెళ్లేవాడికి అది వేడెక్కేసరికి కొట్టు వచ్చేస్తుంది, తాళాలు తీసుకుని దిగిపోవడమే. పైగా వాన పడితే గాడి లేని టైరు కింద నీళ్లు ఎటు పోతాయి? టైరేమన్నా తాగుతుందా? పోయే దారి లేక నీళ్లే బండిని పైకెత్తుతాయి. అప్పుడు మీరు నడిపేది కారు కాదు, పడవ."

డాక్టరమ్మ కప్పు కింద పెట్టింది. గోడకి బెత్తెడు దూరంలో ఆగిన రోజు ఆమెకి సరిగ్గా అలాగే అనిపించింది. బండి తేలింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"మరి ఏం వేశారు బాబాయిగారూ?"

"అదీ అడగాల్సిన మాట! నలభై టైర్లు వరసగా పేర్పించా. కళ్లకి గుడ్డ కట్టుకున్నా. ఒక్కోదాన్నీ గోటితో నొక్కుతా, వాసన చూస్తా, పక్కకి తోస్తా. ఇది పాతది, గోదాములో పడి ఎండింది, తియ్. ఇది మెత్తన, ఏడాదికే అరుగుతుంది, తియ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకదాన్ని వాసన చూసి, దీని రబ్బరు కారిన చెట్టు ఒక పక్కకి వంగి ఉండేది అని చెప్పేశా."

"ఏ పక్కకి బాబాయ్?" అంది టీ కొట్టు అక్క.

"ఎడమకి. అందుకే వద్దన్నా. బండి జన్మంతా ఎడమకే లాగుతుంది."

తమ్ముడు పకపకా నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె లేచి గాడుల టైరు దగ్గరికి వెళ్లి, బొటనవేలి గోటితో నొక్కి చూసింది. గోరు కొంచెం దిగి, రబ్బరు మళ్లీ పైకి వచ్చింది. చిగుళ్లు నొక్కి చూసే మనిషికి ఆ మాత్రం తెలుస్తుంది.

"ఇవే బిగించండి" అంది ఓనరుతో.

"అక్కా!" అన్నాడు తమ్ముడు, ఆస్తి పోయినట్టు.

"కూర్చో బాబూ" అన్నాడు బాబాయి. "కథ ఇంకా షాపు గుమ్మం కూడా దాటలేదు. ముందు చక్రాలకి సన్నవి, వెనక చక్రాలకి వెడల్పువి, పక్కనున్న బాణం గుర్తు బండి పోయే వైపుకే ఉండేలా పొద్దున్నే నా చేతులతో బిగించా. మధ్యాహ్నానికల్లా నేనూ బంగారం కొట్టాయనా కొండ దారి ఎక్కేశాం. కుండపోత వాన. అన్నీ మెలికలే, ఒక్కో మలుపు దగ్గర మన బండి వెనక దీపాలు మనకే కనపడతాయి. ఆయనది స్టీరింగు, నాది హుకుం. ఇంకా తొక్కు అంటా, తొక్కుతాడు. బండి ముక్కు మీద నిండా టీ పోసిన గ్లాసు పెట్టా, అర్థమైందా, ఒక్క చుక్క తొణికితే ఒట్టు!"

"వాన నీళ్లు పడవా టీలో?" అన్నాడు తమ్ముడు.

"ఎందుకు పడతాయి? ఆ టైర్లు నీళ్లని ఎంత గట్టిగా పక్కకి చిమ్మేవంటే, ఆ చిమ్మిన నీళ్లు పైకి లేచి, వచ్చే వానని వచ్చిన దారినే పంపేసేవి. మా చుట్టూ పొడి. వెనకాల వచ్చే లారీవాళ్లు మా జాడలో బట్టలు ఆరేసుకున్నారు."

లోపల ఓనరు మొదటి చక్రం బిగిస్తూ నవ్వు ఆపుకోలేక పానా జారవిడిచాడు. డాక్టరమ్మకి తెలియకుండానే పెదాలు విచ్చుకున్నాయి. వారం రోజుల్లో కారు గురించిన మాట విని నవ్వడం ఆమెకి ఇదే మొదటిసారి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ మీద చిన్న బ్రేకు వేశాం. బండి ఆగింది. దాని నీడ ఆగలా! ముందుకెళ్లిపోయి, చూసుకుని, సిగ్గుపడి వెనక్కి వచ్చింది. సరేలే అని మళ్లీ గేరు వేసి కదిలిస్తే, కదలదే! టైర్లు రోడ్డుని అంత ఇదిగా పట్టుకున్నాయి. ఇంకొంచెం తొక్కితే బండి కదిలింది గానీ రోడ్డుని వదల్లేదమ్మా. చాప చుట్టినట్టు తారు రోడ్డు చుట్టుకుంటూ వచ్చేసింది. వెనక్కి చూస్తే రోడ్డు పక్కన ఉన్న కొట్లూ, మైలురాళ్లూ, ఒక మంగలి షాపూ, సగం గడ్డం గీసిన మనిషితో సహా మా వెనకే వస్తున్నాయి! మళ్లీ పరిచాం అనుకో, కానీ ఎక్కడో మడత ఉండిపోయింది. అందుకే ఇప్పటికీ పక్క ఊరికి వెళ్లేటప్పుడు అనుకున్నదానికంటే ముందే వచ్చేశామే అనిపిస్తుంది."

"నిజమే, నాకూ అనిపిస్తుంది" అంది టీ కొట్టు అక్క, చాలా గంభీరంగా.

"అది కాదు అసలు సంగతి. దిగేటప్పుడు ఒక మేకపిల్ల అడ్డం వచ్చింది. అయ్యా తొక్కు అన్నా, ఆయన నిలబడి బ్రేకు తొక్కేశాడు. బండి ఆగింది. టైర్లు భూమిని వదల్లేదు. ఇంకేముంది, భూమి కూడా ఆగింది! సూర్యుడు కొండ అంచున ఎక్కడివాడు అక్కడే. కోళ్లు గూట్లోకి వెళ్లాలా వద్దా అని గుమ్మంలో నిలబడ్డాయి. ఆఫీసుల్లో జనం గడియారం చూసి, కిటికీ చూసి, మళ్లీ కూర్చున్నారు. నాకు భయమేసింది. అయ్యా, గబుక్కున వదలకండి, సముద్రాలు తొణుకుతాయి, వెన్న మీద కాలు పెట్టినట్టు మెల్లగా తీయండి అన్నా. మెల్లగా తీశాడు. భూమి మళ్లీ తిరిగింది. ఒక్క అల కూడా గట్టు దాటలేదు!"

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. సరిగ్గా అప్పుడే కారు జాకీల మీంచి దిగింది. కొత్త టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. బయట చినుకులు మొదలయ్యాయి.

"తాళం ఇలా ఇవ్వక్కా!" తమ్ముడు లేచాడు. "వాన కూడా కలిసొచ్చింది. ఆ వంతెన మలుపు దగ్గర ఒక్కసారి గట్టిగా తిప్పామంటే నీ భయం పొయ్యిలో పడిపోతుంది. బాబాయి చెప్పాడుగా, ఇవే రకం!"

ఆమె తాళం ఇవ్వలేదు. గుప్పిట్లో పట్టుకుని బాబాయి ముందుకి వచ్చి నిలబడింది. రోగి నోట్లో ఏ పన్ను కదులుతోందో చూసినట్టు ఆయన మొహంలోకి చూసింది.

"బాబాయిగారూ, ఆ బండికి టైర్లు పొద్దున బిగించానన్నారు. మధ్యాహ్నం వానలో కొండ ఎక్కామన్నారు. అంటే కొత్త టైరు బిగించిన రోజునే అంతలా పట్టుకుంటుందా? మా తమ్ముడికి తాళం ఇవ్వనా?"

బాబాయి నోరు తెరిచాడు. అవును అంటే చాలు, కథ నిలబడుతుంది. ఆయన చూపు తమ్ముడి మీదికి వెళ్లింది, బయట తడుస్తున్న రోడ్డు మీదికి వెళ్లింది.

"ఇవ్వద్దు" అన్నాడు.

"అదేంటి బాబాయ్!" అన్నాడు తమ్ముడు.

"ఇవ్వద్దంటే ఇవ్వద్దు. కొత్త టైరుకి అచ్చులోంచి వచ్చిన నునుపు ఉంటుంది. అది అరిగేదాకా, రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి. అందులో వాన. ఈ షాపులో బిగించిన ఏ బండినీ ఆ మాట చెప్పకుండా పంపలేదు నేను."

"మరి కొండా, మేకపిల్లా, ఆగిపోయిన భూమీ?" అంది టీ కొట్టు అక్క.

"భూమి సంగతి నీకెందుకు, నువ్వు టీ చూసుకో." ఆయన బెంచీకి చెయ్యి ఆనించి లేచాడు. "డాక్టరమ్మా, నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటా. తొందరపడ్డావంటే నడిరోడ్డు మీద దిగిపోతా."

రెండే సీట్లు కాబట్టి తమ్ముడు షాపు గుమ్మంలో ఉండిపోయాడు. ఆమె స్టీరింగ్ పట్టుకుంది. వణుకు మొదలైంది. బాబాయి చూశాడు గానీ చూడనట్టు అద్దంలోంచి బయటికి చూస్తూ, "ఖాళీ జాగాలో నెమ్మదిగా ఒకసారి బ్రేకు తొక్కమ్మా" అన్నాడు. తొక్కింది. ఆగింది. "మళ్లీ." ఆగింది. టైర్ల కింద నుంచి నీళ్లు రెండు పక్కలకీ సన్నగా చీలిపోవడం ఆమెకి వినిపించింది. ఏదో బట్ట చింపుతున్నట్టు చిన్న చప్పుడు. వంతెన మలుపు వచ్చింది. గోడ కనిపించింది. బాబాయి ఏమీ మాట్లాడలేదు, అంతసేపు ఆయన మాట్లాడకుండా ఉండడం ఎవరూ చూసి ఉండరు. బండి తేలలేదు. నేలని పట్టుకుని, బుద్ధిగా, గోడని పక్కన పెట్టి తిరిగింది. వెనక నుంచి ఎవరో గంట కొడితే ఆమె పక్కకి జరిగి దారి కూడా ఇచ్చింది.

మలుపు దాటాక బండి ఆపి చేతుల్ని చూసుకుంది. అవి ఊరికే ఉన్నాయి. ఫోను తీసి వాళ్ల నాన్నకి చెప్పింది. "నాన్నా, సాయంత్రం ఆయన్ని రావద్దని చెప్పు. బండి అమ్మడం లేదు."

షాపు ముందుకి తిరిగి రాగానే బాబాయి ముందుగా తలుపు తీసుకుని, నడుం పట్టుకుని, ఒక్కో కాలూ బయటపెట్టి నిలబడ్డాడు. బెంచీ నిండా జనం ఉన్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏం నడిపిందర్రా డాక్టరమ్మ! వంతెన దగ్గర మా వేగానికి చినుకులు అడ్డంగా పడ్డాయి! చెట్లు కనపడలా, పచ్చటి గీత, అంతే! గాలి కూడా మాతో రాలేక వెనకబడిపోయిందంటే..."

"అవును బాబాయ్" అంది టీ కొట్టు అక్క, గ్లాసు కడుగుతూ. "ఇదిగో, కత్తులకి సాన పట్టే పెద్దాయన చెప్పాడు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని, సైకిలు మీద మిమ్మల్ని దాటుకుని వచ్చి, ఇప్పటికి రెండు టీలు తాగాడు."