గోడ అవతల మోగిన పాట

ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి, చెప్తాను. ఒక శుక్రవారం సాయంత్రం, ఫిన్లండ్‌లోని మా తాంపెరే ఊళ్లో, పొరుగావిడ వంటింట్లో కాఫీ తాగుతూ నేను విన్న మాటలివి. ఆవిడ లినక్స్ కంప్యూటర్‌ను బాగుచేయడానికి పై అంతస్తు అమ్మాయి వచ్చింది.

"నా పాట రికార్డు చేశానే. ఆరింటిలోగా బృందగానం వాళ్లకి పంపాలి. ఒకసారి వింటేగానీ పంపను. నేను పాడతానని ఇంతవరకు ఎవరికీ తెలీదు."

"మరి వినండత్తా."

"ఏం వినను? సౌండు పెంచి పెంచి పదిసార్లు పెట్టాను, చప్పుడే లేదు!"

"పాట మోగుతూనే ఉంది. ఎటు పోతోందో సెట్టింగుల్లో చూద్దాం. ఇదేంటి, 'సౌనా స్పీకర్' అనుంది?"

"మొన్న మా ఆడవాళ్ల వంతులో ఈ బిల్డింగు సౌనాకి, ఆవిరి స్నానానికి ఆ స్పీకర్ పట్టుకెళ్లి, అక్కడే మర్చిపోయా."

"ఇవాళ ఎవరి వంతు?"

"శుక్రవారం... మగవాళ్లది! ఈ గోడ అవతలే! ఓలమ్మో, పదిసార్లూ విన్నారా?"

"కంప్యూటర్‌కి జబ్బేం లేదత్తా. మీరు చెప్పిన చోటికే పంపింది. ఇదిగో, ఇటు మార్చేశా."

"ఆ పాట తీసెయ్యవే! ఇంక పంపను. రేపు మెట్ల మీద వాళ్ల మొహాలెలా చూడను?"

అంతలో గోడ మీద దబదబా చప్పుడైంది. అవతలి నుంచి ఒక మగగొంతు కేక వేసింది.

"పాట ఆపేశారేం? రెండో చరణం ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది!"

వెంటనే నలుగురైదుగురు కలిసి అందుకున్నారు.

"విన్నారా అత్తా? ఎంత బాగా నేర్చుకున్నారో!"

"ఏం బాగు? ఆ కేకేసిన ఆటోస్ శ్రుతి తప్పుతున్నాడు. పంపెయ్యవే, ఆరు కావస్తోంది! పంపాక పాటను మళ్లీ అటే తిప్పు, సరిగ్గా నేర్చుకోనీ."

ఈ ముచ్చట గుర్తుంచుకుని మీ వాళ్లకీ చెప్పండి, చెప్పేటప్పుడు గోడ బాదిన సంగతి మాత్రం వదిలెయ్యకండి.