తేట నీళ్ళు

సాయంత్రం, వంటగది. చంకలో పాలు తాగే బాబుతో వదిన, స్కూలు బట్టలైనా మార్చుకోని పదో తరగతి ఆడపడుచు.

“సంచీ తర్వాత దించుదువుగాని. ముందు జవాబు చెప్పు.”

“ఏం చెప్పమంటావు వదినా?”

“మీ అన్నయ్య పనిచేసే అద్దకం షెడ్డుకి తాళం ఎవరు వేయించారో చెప్పు.”

“అధికారులు వేశారు.”

“వాళ్ళకేం కలొచ్చిందా? మీ సైన్సు టీచరు వాళ్ళకి రాశారట. మా క్లాసు పిల్ల స్వయంగా షెడ్డు కాలువలో నీళ్ళు పట్టుకొచ్చింది, పరీక్ష చేయిస్తే విషమని తేలింది అని. ‘ఆ పిల్ల మీ చెల్లెలేనటగా’ అని మేస్త్రీ నలుగురిలో అడిగితే, ఇంటికొచ్చేశాడు మీ అన్నయ్య. అటు తిరిగి పడుకున్నాడు. అన్నం కూడా ముట్టలేదు.”

“అన్నయ్య పని పోవాలని చేశానా? ఆ నీళ్ళు శుభ్రం చేసి వదలమనే కదా మేం...”

“మేం అంటే?”

“మా క్లాసు.”

“ఆ క్లాసేగా, మొన్న ర్యాలీలో అందరూ ఒకే రకం ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని అరిచింది? వాటి రంగు ఆకుల్లోంచి పిండారనుకున్నారా? మీ అన్నయ్య మోచేతుల దాకా ముంచి తీశాడు.”

“చెప్పాను వాళ్ళకి.”

“ఏమన్నారు?”

“నవ్వారు. అప్పట్నుంచి నన్ను రంగునీళ్ళ పిల్ల అంటున్నారు.”

“అందుకని వాళ్ళ దగ్గర మంచిపేరు కోసం మన ఇంటి పొయ్యి ఆర్పావు.”

“అందుకు కాదు. నీకు చెప్పినా అర్థం కాదు.”

“అవునులే. నీ వయసుకే బడి మాన్పించి పెళ్ళి చేశారు, నాకేం అర్థమవుతుంది.”

“నేను అలా అన్లేదు. వాడు ఏడుస్తున్నాడు, ఇటివ్వు.”

“ముట్టుకోకు. నాలుగు రోజులుగా తాగిన పాలు తాగినట్టే కక్కుతున్నాడు, ఒళ్ళంతా దద్దుర్లు. పాలపొడి డబ్బా మార్చి చూశాను, ఎండేమో అనుకున్నాను. నాకు రాత్రుళ్ళు కన్ను మూతపడటం లేదు. ఇప్పుడు పైనుంచి నువ్వొకటి. ఉండు నాన్నా, ఇదిగో, తాగు.”

“నన్నేం చెయ్యమంటావు చెప్పు.”

“రేపు స్కూలుకెళ్ళి, ఆ నీళ్ళు కాలువవి కావని చెప్పు.”

“అబద్ధం చెప్పను. ఆ పరీక్షలో ఏం తేలిందో నీకు తెలీదు. అందులో ఉన్నది కాచినా పోదట, వడకట్టినా పోదట. చిన్నపిల్లలకైతే ఒంటికి తగిలినా ప్రమాదమట.”

“అబద్ధం కాదు, నిజమే చెప్పమంటున్నాను.”

“ఏం నిజం? నేనే వంగి పట్టాను. జారి మోకాలు చెక్కుకుపోయింది, నువ్వే పసుపు పెట్టావు.”

“పట్టావు. తెచ్చి ఈ గట్టు మీద పెట్టి పడుకున్నావు. పొద్దున చూస్తే తాగే సీసాలో మురుగు, ముక్కు పగిలే కంపు. నీకు మతి ఉందా అనుకుని పారబోశాను. సబ్బుతో తోమి, రోజూ నింపినట్టే నింపి నీ సంచీలో పెట్టాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీ సీసా నింపడం రోజూ చెప్పి చేస్తానా? నువ్వు పరీక్షకిచ్చింది అదేనని ఇవాళ మీ అన్నయ్య చెబితే తెలిసింది.”

“అందుకా... తేటగా ఉన్నాయి. రంగు అడుక్కి దిగిందనుకున్నాను. టీచరూ అదే అన్నారు.”

“చూశావా మరి. ఇంత చదువూ చదివి, ఏ నీళ్ళో కూడా తెలుసుకోకుండా షెడ్డు మూయించారు. రేపు అందరి ముందూ చెప్పు, అవి కాలువవి కావు, మంచినీళ్ళని.”

“దేంతో నింపావు వదినా?”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు. దేంతో నింపావు?”

“దేంతో నింపుతాను, మన బోరు నీళ్ళు. పిల్లాడి పాలకి కాచి చల్లార్చినవే నీకూ పోస్తాను, నీకేం తక్కువ చేశానని... ఏంటలా చూస్తావు?”

“ఆ పాలసీసా వాడి నోట్లోంచి తీసెయ్, వదినా.”