కిట్‌లో ఒకే గీత

హలో… ఆ, నేనే బావగారూ… మీ మరదల్నే. మీ ల్యాబ్‌లో మీ దగ్గరే జీతం తీసుకుంటున్నదాన్ని, ఇంకెవరు?

ఆగండాగండి, పెట్టేయకండి. ఉపన్యాసానికి స్టేజీ ఎక్కేశారా?… ఇంకా ముందు వరసలోనేనా? అక్క పక్కనే ఉందా? సరే, మీరు కాస్త బయటికి రండి.

…అభినందనలు చెప్పడానికి కాదు. కొంప మునిగింది.

…అబ్బే, ఫ్రిజ్ బాగానే ఉంది. మన మందే బాగాలేదు. పనిచెయ్యట్లేదు.

…డెంగీ మందేనండీ. మనకింకేం మందుంది?

…వినండి. వైరస్ సోకిన కణాలు ఒక ప్రొటీన్ తయారుచేసి బయటికి వదులుతాయి. అది రక్తంలో దొరికితేనే పరీక్ష కిట్‌లో రెండో గీత పడుతుంది… మీకు తెలుసని నాకూ తెలుసు, నేర్పిందే మీరు. కానీ మనం ఇన్నాళ్ళూ ఏం కొలిచాం? కణాల చుట్టూ ఉన్న ద్రవాన్ని. అందులో ప్రొటీన్ లేదు కాబట్టి వైరస్ చచ్చిందని ఎగిరి గంతేశాం. కణాల్నేమో చెత్తబుట్టలో పారేశాం.

…ఇవాళ పారెయ్యలేదు. చెత్త తీసుకెళ్ళేవాళ్ళు రాలేదు, బుట్ట నిండిపోయింది. కణాలు పెంచే పళ్ళేలు బల్లమీదే ఉన్నాయి కదా అని, కణాల్ని పగలగొట్టి చూశాను… ఆ, పనిలేకే. అలాగే అనుకోండి.

లోపల కిక్కిరిసి ఉంది బావగారూ! ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు. బయటికొచ్చే దారి మూసుకుపోయిందంతే. మన మందు చేసిన ఘనకార్యం అదీ. తలుపుకి బయట గొళ్ళెం పెట్టి, ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేస్తున్నాం.

…వైరస్సా? పెరుగుతోంది. హాయిగా.

…మళ్ళీ చేసి చూశాను. అదే ఫలితం. చూడకుండా మీకు ఫోన్ చేసే ధైర్యం నాకెక్కడిది?

…'ప్రాథమిక పరిశీలన' అనొచ్చా అంటారా? అనండి, మీ నోరు మీ ఇష్టం… స్లైడ్ల గొడవ వదిలెయ్యండి! నేను ఫోన్ చేసింది ఉపన్యాసం గురించి కాదు. మీ గురించి.

నాలుగు రోజుల కిందట మీకు జ్వరమొస్తే, ఎవరికీ చెప్పకుండా ఆ మందు మీరే మింగారు కదా? ముందు రోజు కిట్‌లో రెండు గీతలుంటే, మర్నాడు ఇంకో కిట్‌లో ఒకే గీత పడిందని ల్యాబంతా తిరిగి చూపించారు కదా?… కణాలు పళ్ళెంలోవైనా మీ ఒంట్లోవైనా కణాలే. కిట్‌కి కనపడనంత మాత్రాన లేనట్టు కాదు.

…జ్వరం తగ్గిపోయిందా? ఎప్పుడు?… నిన్ననా. అదే నా భయం. ఈ జబ్బులో జ్వరం తగ్గాకే అసలు గండం. మన ల్యాబ్ గోడమీద పోస్టర్‌లో కూడా ఉంది, మీరే అంటించారు.

కడుపులో నొప్పి ఉందా?… గెస్ట్‌హౌస్ భోజనం పడలేదు, సరే. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా?… బ్రష్ గట్టిది, సరే. చేతుల మీద ఎర్ర చుక్కలు?… కొత్త చొక్కా రాపిడి. అన్నిటికీ జవాబుంది మీ దగ్గర. ఇవే ఇంకొకరి ఒంటిమీద చూస్తే ఏమంటారు?

…స్టేజీ మీదికి పిలుస్తున్నారా? పిలవనివ్వండి… పది నిమిషాల్లో ముగించడం మీవల్ల ఎప్పుడైనా అయిందా? ఎక్కకండి, మీకు దణ్ణం పెడతాను… పరువు ఎక్కడికీ పోదు. పోయినా సంపాదించుకోవచ్చు. నన్ను తిట్టండి, ఉద్యోగంలోంచి తీసెయ్యండి, కానీ ఇప్పుడు తిన్నగా ఆస్పత్రికి— హలో?… హలో!

అక్కా? ఫోన్ నీ చేతిలో పెట్టేసి వెళ్ళిపోయారా!

…నవ్వకే. మీ ఆయనకి జబ్బు తగ్గలేదు… ల్యాబ్ గొడవ కాదు, నిజం. ఆ కిట్‌ని నమ్మకు. ఆయనేమైనా తిన్నారా?… నిన్నటి నుంచీ ఏమీ లేదా? వాంతి కూడా అయిందా? చూశావా, నా దగ్గర ఆ సంగతి ఎలా దాచారో!

…ఏం మాట్లాడుతున్నారు? ఫోన్ అటు పెట్టు… 'మొదటి రోగిని నేనే, మొదటి సాక్షినీ నేనే.' ఆహా… కిట్ ఎత్తి చూపిస్తున్నారా? అంత దూరం నుంచి ఎవరికి కనపడుతుందట?

…ఆగారేం?… నీళ్ళు తాగుతున్నారా… కూర్చున్నారా? కుర్చీలోనే కదా?… కిందా!

ఆ చప్పట్లేమిటే?… అందరూ లేచి నిలబడ్డారా? ఉపన్యాసం అయిపోయిందనుకున్నారా, నా ఖర్మ!… వాళ్ళ వెనక ఉండి ఆయన కనపడట్లేదని నాకు చెప్తే ఎలా? తోసుకుని వెళ్ళు… మర్యాదలు తర్వాత. మోచేతులున్నాయి కదా, వాటితో నెట్టు.

…చేరావా? ఒళ్ళు ఎలా ఉంది?… చల్లగానా, చెమటలా… మాట్లాడుతున్నారా? హమ్మయ్య. ఏమంటున్నారు?… ప్రశ్నలుంటే అడగమంటున్నారా! మైకు లాగేసుకో ముందు.

…రోగుల్ని చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడుగు… ఒక్కరూ లేరా? అంత హాల్లో అందరూ నాలాగా పళ్ళేలు చూసేవాళ్ళేనా?

సరే, ఎవరి కోసం చూడకు. ఎదురుగా ఆస్పత్రి ఉందని పొద్దున నువ్వే అన్నావు. రోడ్డు దాటించు. కిట్‌లో ఏం కనపడినా పట్టించుకోవద్దనీ, ఆయన మింగిన మందేమిటో, అన్నీ వాళ్ళకి నేను ఫోన్ చేసి చెప్తాను.

…ఏడవకే… నాకూ భయంగానే ఉంది.

ఫోన్ పెట్టెయ్ అక్కా. ఆయన్ని పట్టుకోవడానికి నీకు రెండు చేతులూ కావాలి.