ఐసు డబ్బా

పిల్లలు కలగని దంపతులకి పరీక్షలు చేసే ఆసుపత్రి వరండా. ఐస్‌క్రీం వ్యాను నడిపే భర్త, పక్కన భార్య.

"విన్నావా డాక్టరుగారి మాట? నాలో లోపం ఉందని తేలనే లేదట! శాంపిల్ ఐసులో పెట్టి తెచ్చినందుకు వీర్యకణాలన్నీ బిగుసుకుని చచ్చాయట. ఒంటి వేడి తగిలేలా తేవాలట!"

"విన్నాను. మెల్లగా... అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చల్లగా ఉంచితే ఏదీ పాడవదని ఇన్నేళ్లూ నమ్మినవాణ్ణి. ఇదొక్కటే ఎదురు తిరిగింది!"

"అదేమన్నా ఐస్‌క్రీమా ఏంటి?"

"నవ్వు, నవ్వు. వారం నుంచి తలెత్తి తిరగలేదు నేను. ఇవాళే మళ్లీ ఇచ్చేస్తా. సీసా అడుగు."

"ఇవాళే ఎందుకు? వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెలా? బాగుంది... ఉండు, ముందు అమ్మకి ఫోన్ చేస్తా."

"అత్తయ్యకి వద్దు."

"ఎందుకొద్దు? లోపం నాదేనని నా నోటితో చెప్పిన దగ్గర్నుంచి ఆవిడకి ముద్ద దిగడం లేదు."

"వద్దన్నానా!"

"ఏమైంది నీకు?"

"ఏం లేదు... మొన్న మీ చెల్లెలి పాపని అత్తయ్య తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టారు."

"అయితే?"

"ఇదే మొదటిసారి. ఇదివరకు నేను చెయ్యి చాస్తే చాలు, 'దానికి నిద్రొస్తోంది' అని ఎత్తుకుపోయేవారు. దాని పాదాలు అంత మెత్తగా ఉంటాయని నాకు తెలీదండీ."

"అమ్మ సంగతి తెలిసిందేగా. అవన్నీ మనసులో పెట్టుకుంటే ఎలా?"

"మీరెప్పుడూ ఇదే మాట."

"ఇప్పుడా గొడవెందుకు? ముందు సీసా ఇచ్చిన ఆ నర్సుని కడిగెయ్యాలి. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత రభస జరిగేదా?"

"ఆవిణ్ణేం అనకండి."

"ఎందుకనకూడదు? అయినా ఆ రోజు సీసా తీసుకుంది నువ్వేగా? ఐసు పెట్టొద్దని చెప్పిందా?"

"...చెప్పింది."

"చెప్పిందా! మర్చిపోయావా?"

"లేదు. మీరు ఐసు సర్దుతుంటే పక్కనే ఉన్నా. డబ్బా మూత బిగించింది నేనే."